మీ ప్రశ్న – మా జవాబు: ప్రకృతి స్థిరాంకాలు కదులుతున్నాయా?

పరమాణు గడియారాల మీద వేసిన వ్యాసం చివర్లో ‘ప్రకృతి స్థిరాంకాలు మారుతున్నాయేమోనని చల్లని అణువులతో పరీక్షిస్తున్నారు’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశాం. వ్యాసమంతటి కంటే ఆ వాక్యానికే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: వెలుగు వేగమో ఎలక్ట్రాన్ ఆవేశమో మారితే మనం కొలిచే సాధనం కూడా మారిపోతుంది కదా! అప్పుడు మార్పు జరిగినట్టు ఎలా తెలుస్తుంది?
— భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, నంద్యాల

తెలియదు. మీ అనుమానం సరైనదే. బట్ట సాగితే గజంబద్ద పెట్టి పట్టుకోవచ్చు. గజంబద్ద కూడా అంతే సాగితే పట్టుకునే దారి లేదు. పైగా 1983 నుంచి మీటరునే వెలుగు వేగంతో నిర్వచిస్తున్నారు. సెకనుకు 299792458 మీటర్లు అన్నది ఇప్పుడు కొలత కాదు, ఒప్పందం.

అందుకే ఈ రంగంలో యూనిట్లు లేని సంఖ్యల గురించే మాట్లాడతారు. అణువుల విషయంలో ముఖ్యమైనవి రెండు. మొదటిది సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం ఆల్ఫా, సుమారు 1/137.036. విద్యుదయస్కాంత బలం ఎంత గట్టిదో చెప్పేది ఇదే. రెండోది ప్రోటాన్ ద్రవ్యరాశి ఎలక్ట్రాన్ ద్రవ్యరాశికి ఎన్ని రెట్లో చెప్పే మ్యూ, 1836.15267. వీటిని ఏ యూనిట్లలో లెక్కగట్టినా అవే అంకెలు వస్తాయి. స్థిరాంకాలు కాలంతో మారవచ్చన్న ఆలోచనను 1937లో భౌతిక శాస్త్రవేత్త డిరాక్ గట్టిగా ముందుకు తెచ్చాడు. ఆయన అనుమానించింది గురుత్వాకర్షణ స్థిరాంకాన్ని.

పరీక్ష సూత్రం చిన్నదే. ఆల్ఫా, మ్యూల మీద వేర్వేరుగా ఆధారపడే రెండు పౌనఃపున్యాలు తీసుకుని వాటి నిష్పత్తి చూడాలి. అది ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా ఉంటే ఏదో మారినట్టు.

ప్రశ్న: పరమాణువులు చాలవా? అణువులే ఎందుకు?
— బీఎస్సీ విద్యార్థిని, హనుమకొండ

అణువుకు కదలికలు ఎక్కువ. పరమాణువులో ఎలక్ట్రాన్ స్థాయిలు మారడమే ప్రధానం. అణువు వాటికి తోడు కంపిస్తుంది, గిరగిరా తిరుగుతుంది, కొన్నయితే లోపల్నుంచి బయటికి తిరగబడతాయి కూడా. వీటిలో ఒక్కొక్కటి మ్యూకి ఒక్కోలా స్పందిస్తుంది. మ్యూ 1 శాతం పెరిగిందనుకోండి. భ్రమణ పౌనఃపున్యం సుమారు 1 శాతం, కంపన పౌనఃపున్యం సుమారు అర శాతం తగ్గుతాయి. ఎలక్ట్రానిక్ గీత (గీత అంటే వర్ణపటంలో ఒక్కో స్థాయి మార్పుకు కనిపించే పౌనఃపున్యం) దాదాపు కదలదు.

అమ్మోనియా వీటికి భిన్నం. మూడు హైడ్రోజన్లు, మీద ఒక నైట్రోజన్. గాలివానకు గొడుగు తిరగబడినట్టు ఈ అణువు అటూ ఇటూ తిరగబడుతూ ఉంటుంది. మధ్యలో ఉన్న శక్తి గోడను ఎక్కి దాటడం కాదు, టన్నెలింగ్ ద్వారా దూరిపోవడం. దూరే వస్తువు బరువెక్కితే టన్నెలింగ్ వేగంగా పడిపోతుంది. అందుకే 23.7 గిగాహెర్ట్జ్ దగ్గరున్న ఈ గీత, మ్యూ 1 శాతం పెరిగితే 4.2 శాతం తగ్గుతుంది. మిథనాల్‌లో భ్రమణానికీ లోపలి మెలికకూ మధ్య తేడాలు కలిసొచ్చి కొన్ని గీతలకు ఈ గుణకం పదుల్లో ఉంటుంది. పైగా కొన్నిటికి ప్లస్, కొన్నిటికి మైనస్.

ప్రశ్న: ‘చల్లని’ అంటే ద్రవ నైట్రోజన్‌లో ముంచుతారా? ఎంత చలి, ఎలా చేస్తారు?
— పాలిటెక్నిక్ అధ్యాపకుడు, కాకినాడ

ముంచితే అణువులు గోడకు అతుక్కుపోతాయి. ఇక్కడ చలి అంటే రెండు విషయాలు: అణువుల వేగాల మధ్య తేడా తక్కువగా ఉండాలి, అవి ఎక్కువసేపు మన కళ్లెదుట ఉండాలి. రెండోది లేకుండా మొదటిది సాధించినా లాభం సగమే.

హైడ్రాక్సిల్ అణువును, అంటే ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన ఓహెచ్‌ను, ఉదాహరణగా తీసుకుందాం. మొదటి పని వాహక వాయువును ఎంచుకోవడం. కొద్దిగా నీటి ఆవిరి కలిపిన జడవాయువును పల్స్ వాల్వ్ గుండా శూన్యంలోకి వదిలి, వాల్వ్ మూతి దగ్గరే విద్యుత్ డిశ్చార్జి ఇస్తే నీరు విడిపోయి ఓహెచ్ తయారవుతుంది. వాయువు వ్యాకోచిస్తూ చల్లబడి, తనతో పాటు అణువుల భ్రమణాన్నీ చల్లబరుస్తుంది. గది ఉష్ణోగ్రతలో వాల్వ్ ఉంటే పుంజం వేగం హీలియంతో సెకనుకు సుమారు 1770 మీటర్లు, ఆర్గాన్‌తో 560, క్రిప్టాన్‌తో 390, జినాన్‌తో 310. బరువైన వాయువు వాడితే అణువులు మొదట్నుంచే నెమ్మది. అయితే డిశ్చార్జి వాల్వ్‌ను వేడెక్కిస్తుంది కాబట్టి అసలు వేగం ఈ లెక్క కంటే కొంత ఎక్కువే వస్తుంది. దాన్ని కొలిచి తీరాలి.

తర్వాతిది స్టార్క్ డీసెలరేటర్, అంటే విద్యుత్ క్షేత్రంతో అణువులను నెమ్మది చేసే యంత్రం. 1999లో బెథ్‌లెమ్, బెర్డెన్, మైయర్‌లు కార్బన్ మోనాక్సైడ్ మీద దీన్ని మొదటిసారి చూపారు. జతలు జతలుగా నిలబెట్టిన ఉక్కు కడ్డీల మధ్య బలమైన విద్యుత్ క్షేత్రం పెడతారు. ఓహెచ్ మీద చేసిన ప్రయోగాల్లో కడ్డీలకు ప్లస్, మైనస్ 12.5 కిలోవోల్టులు ఇచ్చారు. క్షేత్రం పెరిగితే శక్తి పెరిగే స్థితిలో ఉన్న అణువుకు ఆ చోటు ఒక మిట్ట. సైకిలు మిట్ట ఎక్కినట్టు వేగం పోగొట్టుకుంటూ అణువు పైకి ఎక్కుతుంది. సరిగ్గా పైకి చేరబోతుండగా స్విచ్ వేసి ఆ మిట్టనే తీసేస్తారు. దిగేటప్పుడు తిరిగి రావాల్సిన వేగం ఇక రాదు. ముందు మళ్లీ మరో మిట్ట.

ఒక్కో మిట్ట తీసుకునే శక్తి చిన్నది. సెకనుకు 400 మీటర్లతో పోయే ఓహెచ్‌లో ఉన్న గతిశక్తిలో సుమారు నూరోవంతు. అందుకే పదుల నుంచి వందకు పైగా మెట్లు కావాలి.

ఇక చెడేవి. కడ్డీల మీద దుమ్ము రేణువున్నా నిప్పురవ్వ లేస్తుంది. శూన్యంలో వోల్టేజిని మెల్లగా, గంటల తరబడి పెంచి కడ్డీలను అలవాటు చెయ్యాలి. వాల్వ్ తెరుచుకునే క్షణం కొద్ది మైక్రోసెకన్లు జారినా పని చెడుతుంది. 400 మీటర్ల వేగంలో ఒక మైక్రోసెకను అంటే 0.4 మిల్లీమీటరు. అణువుల గుంపు స్విచ్చింగ్ వరసతో జత కుదరక వెనకబడుతుంది. చివరిది, జనం తరచు మరిచేది: మరీ నెమ్మదిగా వెళ్లే గుంపు పక్కలకు పరుచుకుపోతుంది. వేగం సగం చేస్తే డిటెక్టరు దగ్గరికి వచ్చే అణువులు సగం కంటే బాగా తక్కువ. ఎంత నెమ్మది చెయ్యాలన్నది గొప్ప కోసం కాదు, సంకేతం ఎంత మిగులుతుందన్న లెక్క మీద తేల్చుకోవాలి.

ప్రశ్న: పౌనఃపున్యాన్ని 1 హెర్ట్జ్ వరకు ఎలా కొలుస్తారు? దోషాలు ఎక్కడి నుంచి వస్తాయి?
— ఎమ్మెస్సీ విద్యార్థి, తిరుపతి

రామ్సే పద్ధతితో. అణువులన్నిటినీ ఒకే క్వాంటం స్థితిలోకి తెస్తారు. మొదటి మైక్రోవేవ్ పల్స్ వాటిని రెండు స్థాయిల మధ్య సగం సగం మిశ్రమంలో పెడుతుంది. తర్వాత కొంతసేపు వాటిని ముట్టుకోకూడదు. రెండో పల్స్ ఇచ్చి, పై స్థాయికి ఎన్ని వచ్చాయో లేజర్ ప్రతిదీప్తితో (లేజర్ తగిలినప్పుడు అవి చిమ్మే వెలుగుతో) లెక్కిస్తారు. మైక్రోవేవ్ పౌనఃపున్యాన్ని కొద్దికొద్దిగా జరుపుతూ ఇదే మళ్లీ మళ్లీ చేస్తే అలల్లాంటి గీతలు వస్తాయి. గీత వెడల్పు, రెండు పల్స్‌ల మధ్య కాలం రెట్టింపుతో 1ని భాగించినంత. మధ్యకాలం 1 మిల్లీసెకను అయితే వెడల్పు 500 హెర్ట్జ్. సంకేతం రొదకు వంద రెట్లుంటే గీత మధ్యబిందువు 1.6 హెర్ట్జ్ వరకు తెలుస్తుంది: 500ను 3.14తోనూ 100తోనూ భాగించండి.

గీతలన్నీ ఒకేలా కనిపిస్తాయి కదా, మధ్యది ఏది? పల్స్‌ల మధ్యకాలాన్ని మార్చి మళ్లీ కొలవండి. పక్క గీతలు జరుగుతాయి, మధ్యది కదలదు.

గడియారం ఎంత మంచిది కావాలని చాలామంది అడుగుతారు. సీహెచ్ అణువు (ఒక కార్బన్, ఒక హైడ్రోజన్) గీత ఒకటి 3.3 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంది. 3.3 గిగాహెర్ట్జ్‌లో 1 హెర్ట్జ్ అంటే వెయ్యి కోట్లలో 3 వంతులు. జీపీఎస్‌కు కట్టిన రుబీడియం ఆసిలేటరు దీనికి సరిపోతుంది. ఇక్కడ ఇబ్బంది గడియారంతో కాదు, అణువు ఉన్న పరిసరంతో.

మొదటి శత్రువు డాప్లర్. 560 మీటర్ల వేగంతో పోయే అణువు ఎదురొచ్చే 3.3 గిగాహెర్ట్జ్ తరంగాన్ని 6 కిలోహెర్ట్జ్ తేడాతో చూస్తుంది. మనం వెతికేది 1 హెర్ట్జ్! అందుకని ఒకే వైపు పోయే తరంగం కాక, ఎదురెదురు తరంగాలు కలిసిన స్థిర తరంగాన్ని వాడతారు. రెండు వైపుల తరంగాలూ అచ్చంగా సమానం కావు కనుక కొద్ది శేషం మిగులుతుంది. దాన్ని తీసేయడానికి వాహక వాయువును మార్చి వేర్వేరు వేగాలతో కొలిచి, పౌనఃపున్యాన్ని వేగానికి ఎదురుగా గీసి, సున్నా వేగానికి పొడిగిస్తారు. అణువును నెమ్మది చేసినకొద్దీ ఈ పొడిగింపు దూరం తగ్గుతుంది. వేగవర్గం మీద ఆధారపడే సాపేక్షతా సవరణ ఇక్కడ హెర్ట్జ్‌లో నూరోవంతు కూడా కాదు, పట్టించుకోనక్కర్లేదు.

రెండోది అయస్కాంత క్షేత్రం. ఓహెచ్‌కు 18 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర నాలుగు గీతలున్నాయి: 1612, 1665, 1667, 1720 మెగాహెర్ట్జ్. నడిమి రెండిటిలో పై స్థాయీ కింది స్థాయీ అయస్కాంతానికి దాదాపు ఒకేలా కదులుతాయి కాబట్టి జరుగుడు కొట్టుకుపోతుంది. అటు చివర, ఇటు చివర ఉన్న గీతలకు ఆ అదృష్టం లేదు. మన నేల మీది 0.4 గాస్ క్షేత్రం చాలు, ఉపస్థాయిని బట్టి లక్షల హెర్ట్జ్ జరుగుతాయి. కవచం తప్పనిసరి. సీహెచ్ అణువు 3.3 గిగాహెర్ట్జ్ గీతది ఇంకో తమాషా. ఆ స్థితిలో ఎలక్ట్రాన్ కక్ష్య అయస్కాంతత్వం, స్పిన్ అయస్కాంతత్వం ఒకదాన్నొకటి దాదాపు రద్దు చేసుకుంటాయి.

మూడోది దారితప్పిన విద్యుత్ క్షేత్రాలు. లోహపు పలకల మీద ఏదైనా పూత పేరుకుంటే అక్కడ ఆవేశం నిలుస్తుంది. సీహెచ్‌లో ప్లస్, మైనస్ ఆవేశాలు ఎంత విడివడి ఉన్నాయో చెప్పే డైపోల్ 1.46 డిబై. సెంటీమీటరుకు 1 వోల్టు ఉన్నా 3.3 గిగాహెర్ట్జ్ గీత పదుల హెర్ట్జ్ కదులుతుంది. దీన్ని పట్టడానికి కావాలనే తెలిసిన వోల్టేజి ప్లస్, మైనస్ రెండు దిశల్లో ఇచ్చి చూడాలి. గీత జరుగుడు కనిష్ఠమయ్యే చోటు సున్నా దగ్గర కాక పక్కన పడితే, పక్కన ఎంత ఉందో అదే పలకల మీది దొంగ వోల్టేజి.

ఇంత చేస్తే వచ్చే ఫలితం: అమెరికాలోని జిలా ప్రయోగశాలలో 2006లో నెమ్మది చేసిన ఓహెచ్‌తో 1667 గీతను 4 హెర్ట్జ్, 1665 గీతను 12 హెర్ట్జ్ దోషంతో కొలిచారు.

ప్రశ్న: ప్రయోగశాల కొలత ఒక్కటే ఉంటే మార్పు ఎలా తెలుస్తుంది? పోల్చడానికి పాత కాలం ఎక్కడ దొరుకుతుంది?
— పుణె నుంచి ఒక పాఠకురాలు

ఆకాశంలో. మీ ఊళ్లోని రేడియో ఖగోళ శాస్త్ర కేంద్రానికీ ఈ కథలో పాత్ర ఉంది. ఓహెచ్ 18 సెంటీమీటర్ల గీతలతో స్థిరాంకాల మార్పును పరీక్షించవచ్చని 2003లో ప్రతిపాదించినవారిలో జయరాం చెంగలూర్, నిస్సిమ్ కణేకర్ ఉన్నారు.

పీకేఎస్ 1413+135 అనే రేడియో మూలం వైపు, 290 కోట్ల సంవత్సరాల వెనకటి కాలంలో ఉన్న ఓహెచ్ మేఘం ఒకటుంది. అక్కడ 1720 గీత ఉద్గారంగా, 1612 గీత అభిశోషణగా వస్తాయి. ఒకటి రెండోదానికి అచ్చంగా తిరగేసిన అద్దపు బింబం. రెండూ ఒకే వాయువు నుంచి వచ్చాయనడానికి ఇంతకంటే మంచి రుజువు దొరకదు. 2010లో ఈ మేఘం నుంచి 2.6 సిగ్మా స్థాయిలో (కొలత దోషానికి 2.6 రెట్లు) మార్పు సూచన కనిపించింది. అరెసీబో రేడియో టెలిస్కోపుతో చాలా లోతుగా మళ్లీ పరిశీలించి, పాత డేటాతో కలిపి 2018లో తేల్చిన ఫలితం: మ్యూను ఆల్ఫా వర్గంతో గుణించిన లబ్ధంలో మార్పు పది లక్షల్లో −1.0 ± 1.3. అంటే ఏమీ లేదు. రెండున్నర సిగ్మా చూసి సంబరపడకూడదు.

మిథనాల్‌తో ఇంకా గట్టి ఫలితం ఉంది. సుమారు 700 కోట్ల సంవత్సరాల వెనకటి పీకేఎస్ 1830−211 అనే మరో రేడియో మూలం ముందరి గెలాక్సీలో మ్యూ మార్పు కోటిలో 0.0 ± 1.0 అని 2013లో ప్రకటించారు.

ఆకాశం వైపు ప్రధాన సమస్య మేఘాల వేగాలు. అమ్మోనియా గీతను వేరే అణువు భ్రమణ గీతతో పోల్చారనుకోండి. గుణకాల తేడా 4.2 − 1 = 3.2. మ్యూలో కోటిలో ఒక వంతు మార్పు, సెకనుకు 96 మీటర్ల వేగం తేడాలా కనిపిస్తుంది. ఒకే మేఘంలో రెండు అణువులు వేర్వేరు మూలల్లో ఉంటే అంత తేడా మామూలే. ఒకే అణువులోని గీతల మధ్య పోలిక మేలన్నది మా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: ఆల్ఫా మారిందని ఒకప్పుడు వార్తలొచ్చాయి. అది తప్పా?
— విశ్రాంత ఇంజినీరు, విజయవాడ

1999 నుంచి జాన్ వెబ్ బృందం హవాయిలోని కెక్ టెలిస్కోపు తీసిన క్వేజార్ల (చాలా దూరపు ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రాల) స్పెక్ట్రాల్లో ఆల్ఫాలో లక్షలో సుమారు అర వంతు తగ్గుదల చూసింది. 2011లో చిలీలోని పెద్ద టెలిస్కోపు వీఎల్‌టీ డేటా మరో దిక్కున పెరుగుదల చూపింది. అంతకు ముందే 2004లో పుణెలోని ఖగోళ శాస్త్ర సంస్థ ఐయూకాకు చెందిన రఘునాథన్ శ్రీఆనంద్, సహచరులు వీఎల్‌టీ డేటాతోనే మార్పు లేదన్నారు. తర్వాత స్పెక్ట్రోగ్రాఫుల తరంగదైర్ఘ్యపు స్కేలే మెల్లగా వంకర తిరిగి ఉందని, సౌర కాంతితో పోల్చి చూసినవాళ్లు కనుక్కున్నారు. నంద్యాల ఉపాధ్యాయుడికి చెప్పిన గజంబద్ద సాగడం ఇదే!

ప్రశ్న: ఆప్టికల్ గడియారాలు ఇంత ముందుకెళ్లాక అణువులతో ఈ తంటా దేనికి?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

ఏడాదికి ఎంత మారుతోందన్న ఒక్క ప్రశ్నలో గడియారాలే ముందున్నాయి. జర్మనీలోని కొలతల సంస్థ పీటీబీ 2021లో ఇటర్బియం అయాన్‌తో ఇచ్చిన ఫలితం: ఆల్ఫా ఏడాదికి 10⁻¹⁸లో 1.0 ± 1.1, మ్యూ −8 ± 36. పొటాషియం–రుబీడియం అణువులతో 2019లో జపాన్‌లో వచ్చిన మ్యూ ఫలితం ఏడాదికి 10⁻¹⁴ స్థాయిలోనే ఆగింది.

కానీ రెండు సంగతులు చూడండి. గడియారాలతో మ్యూ తేల్చేది ఇటర్బియంను సీజియం గడియారంతో పోల్చి కాబట్టి, సీజియం కేంద్రక అయస్కాంతత్వం కూడా మారలేదని నమ్మాలి. అణువు కంపనానికి ఆ అప్పు అక్కర్లేదు. రెండోది, మిథనాల్ ఫలితాన్ని 700 కోట్ల ఏళ్లకు సమంగా పంచితే ఏడాదికి 1.4 × 10⁻¹⁷. గడియారం ఇచ్చిన మ్యూ దోషమూ ఆ చుట్టుపక్కలే ఉంది! మార్పు ఎప్పుడో పాతకాలంలో జరిగి ఆగిపోయి ఉంటే గడియారం దాన్ని ఎప్పటికీ చూడలేదు.

కాలంతో కాక సాంద్రతతో మారే అవకాశం ఇంకోటి. కొన్ని సిద్ధాంతాల్లో పదార్థం దట్టంగా ఉన్న చోట స్థిరాంకం ఒకలా, పలచని నక్షత్రాంతర మేఘంలో ఇంకోలా ఉండవచ్చు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో సీహెచ్ 3.3, 0.7 గిగాహెర్ట్జ్ గీతలను హెర్ట్జ్‌ల దోషంతో కొలిచి, మన గెలాక్సీలోని మేఘాలతో పోల్చారు. 2013 ఫలితం, కోటిలో వంతులుగా: ఆల్ఫా మార్పు 0.3 ± 1.1, మ్యూ మార్పు −0.7 ± 2.2. ఈ పరీక్షను ఎంత గొప్ప గడియారమైనా భూమ్మీద కూర్చుని చెయ్యలేదు.

ప్రశ్న: ‘అణువుల ఫౌంటెన్’ అంటే?
— ఇంటర్ విద్యార్థి, ఖమ్మం

బంతిని పైకి ఎగరేస్తే మీ చేతికే తిరిగి వస్తుంది. పోయేటప్పుడు ఒక పల్స్, వచ్చేటప్పుడు ఇంకోటి ఒకే చోట ఇవ్వొచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2016లో అమ్మోనియాను నెమ్మది చేసి, చల్లబరిచి, సెకనుకు 1.4 నుంచి 1.9 మీటర్ల వేగంతో పైకి వదిలారు. 266 మిల్లీసెకన్ల వరకు స్వేచ్ఛా పయనం దొరికింది. పై సూత్రంలో పెడితే గీత వెడల్పు 1.9 హెర్ట్జ్. చిక్కంతా అణువుల సంఖ్యతోనే. నోజిల్ వదిలిన కోట్ల కోట్లలో తిరిగొచ్చి లేజరుకు దొరికేవి వేళ్ల మీద లెక్కపెట్టేంత.

ప్రశ్న: మా విద్యార్థులతో ఇందులో ఏదైనా చేయించగలమా?
— డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, శ్రీకాకుళం

డీసెలరేటర్ కట్టలేరు గానీ లెక్క చేయించవచ్చు. ఓహెచ్ గీతలు మెగాహెర్ట్జ్‌లలో ఇవి: 1612.231, 1665.402, 1667.359, 1720.530. ఆ చివరా ఈ చివరా ఉన్న రెండిటినీ కూడండి, నడిమి రెండిటినీ కూడండి. రెండూ 3332.761 వస్తాయి. నాలుగు గీతలూ ఒకే నాలుగు స్థాయిల మధ్య దూకుళ్లు కాబట్టి ఇది తప్పనిసరి. తర్వాత నాలుగింటినీ 1.247తో (విశ్వ వ్యాకోచం వల్ల ఆ మేఘపు పౌనఃపున్యాలు అన్ని రెట్లు తగ్గి చేరతాయి) భాగిస్తే పీకేఎస్ 1413+135 ముందరి మేఘం నుంచి మన రేడియోకు చేరే పౌనఃపున్యాలు వస్తాయి. అప్పుడు 1720 గీతను మాత్రం పది లక్షల్లో ఒక వంతు జరిపి, రెండు కూడికల తేడా ఎన్ని హెర్ట్జ్ అయిందో చూడమనండి. సుమారు 1380 రావాలి. అసలు మార్పు ఇలా ఒక్క గీతనే కదపదని, నాలుగింటినీ నిలకడగా జరుపుతుందని, కూడికలు మళ్లీ సమానంగానే ఉంటాయని వాళ్లే కనిపెడితే ఒక పీరియడు బాగా గడిచినట్టే. కూడికలు సమానం కాకపోతే ముందు అనుమానించాల్సింది రిసీవరునా, మేఘాన్నా, ప్రకృతినా అని అడగండి.